హోటల్ గదిలో గునుగు రంగు

మొన్న మహబూబాబాద్‌లో మా ఆఫీసు వెనక వరండాలో ఆడవాళ్లు గునుగు పూలు కట్టలు కడుతున్నారు. ఎవరో స్టీలు బేసిన్‌లో వేడినీళ్లు పోసి గులాబీ రంగు పొడి కలిపారు. తడిసిన గునుగు పచ్చివాసనలో ఆ పొడి ఘాటు కలిసి, ఫైళ్ల మధ్య కూర్చున్న నా దాకా వచ్చింది. బతుకమ్మ వచ్చిందంటే అందరికీ సంబరం. నాకు మాత్రం ఆ వాసన తగిలితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే లేచి వెళ్లి తలుపు వేసుకున్నాను. "మేడమ్‌కు జలుబు జేసినట్టున్నది" అని బయట ఎవరో అన్నారు. అనుకోనీ.

ఆ మేడమ్ అన్న పిలుపు, ఈ కుర్చీ, నెల తిరిగేసరికి వచ్చే జీతం, అన్నీ కౌసల్యక్క పెట్టిన భిక్ష. ఆమె చిట్యాల మండలంలో మా ఊరి అంగన్‌వాడీ టీచరు. నేను ఆమె దగ్గర ఆయాను. ఎనిమిదితో బడి మానేసి, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు ఉడకబెట్టే పనిలో చేరాను. చేరిన వారానికే ఒక మధ్యాహ్నం, పిల్లలు పడుకున్నాక, నా ముందు తెలుగు వాచకం పెట్టింది. "గిదేందక్కా, నాకెందుకు?" అన్నాను. "గంటె తిప్పుకుంటనే బతుకంత ఎల్లదీస్తవా? పదోది రాయి, నేను జెప్త." "నవ్వుతరక్కా." "నవ్వేటోళ్లు నీకు బువ్వ వెడ్తరా? సదువు." అంతే, ఇక వదల్లేదు. జవాబు తప్పు రాస్తే పల్లెత్తు మాట అనేది కాదు. ఒకసారి మాత్రం గైడు చూసి ఎక్కించాను. ఆ పేజీ చూసి పుస్తకం మూసేసింది. "తప్పొస్తె రానియ్యి పిల్లా. గని నీ తప్పు నీదై ఉండాలె" అంది. ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఆమె పుట్టిల్లు జఫర్‌గఢ్. అక్కడ ఆమె తల్లి పాట ఎత్తుకుంటే రెండు వాడల ఆడవాళ్లు వచ్చి చుట్టూ తిరిగేవాళ్లట. ఆ పాటలన్నీ అక్క గొంతులోకి దిగాయి. సాయంత్రాలు గిన్నెలు తోముతూ నేనూ నేర్చుకున్నాను. ఆమె బతుకమ్మ పేర్చే తీరు కూడా తల్లిదే. మా వైపు గునుగును కట్టలు కట్టి, కొసలు కోసి, ఎరుపు, నీలం రంగుల్లో ముంచి తీస్తారు. అక్క ముంచనిచ్చేది కాదు. "చేనుల ఎట్లున్నదో అట్లనే పేర్వాలె. పువ్వుకు రంగేసేటందుకు మనమెవరం?" అనేది. తంగేడు పసుపు, గునుగు తెలుపు, నడుమ కాసిని బంతిపూలు. చూడ్డానికి బోసిగా ఉంటుందని నాకు లోలోపల ఉండేది.

ఒక ఏడు హైదరాబాద్‌లో జరిగే బతుకమ్మ ఉత్సవాలకు మా భూపాలపల్లి జిల్లా నుంచి పద్నాలుగు మందిని ఎంచారు. పాట ఎత్తుకునేది కౌసల్యక్క. ఆ కబురు విన్నరోజు ఆమె పిల్లలకు పాలు పోస్తూ పోస్తూ ఆగిపోయింది. "మా అవ్వ పాట మా ఊరి కట్ట దాటలేదే. గిప్పుడు పట్నం ఇంటది" అంది. యాభై దాటిన మనిషి, భర్త పోయి పదేళ్లయిన మనిషి, తనకంటూ ఏదైనా కావాలని అడగ్గా నేను వినలేదు. ఇది ఒక్కటే ఆమె కోరుకుంది. బయలుదేరే ముందురోజు గోరింటాకు నూరి నా రెండు అరచేతుల్లో తనే పెట్టింది.

మమ్మల్ని దింపిన హోటల్ మూసీకి దగ్గర్లోనే. ఇద్దరికో గది. అక్కకూ నాకూ మూడో అంతస్తు. కిటికీలోంచి వంతెన, దాని కింద నల్లటి నీళ్లు, ఒడ్డున ఏపుగా పెరిగిన గడ్డి కనిపించేవి. "గింత పెద్ద పట్నం. గీ నీళ్లల్ల బతుకమ్మను ఎట్ల ఇడుస్తరే?" అని అక్క నిజంగానే బాధపడింది. "ఈడ గాదక్కా, ట్యాంక్‌బండ్ కాడ" అన్నాను. సామాను తెచ్చిపెట్టినాయన నవ్వాడు. "ఆషాఢంల బోనాలకొచ్చేటోళ్లు దిగుతరు, భాద్రపదంల గణపతిని జూడనీకి వస్తరు, గిప్పుడు మీరు. మాకు క్యాలెండరే అక్కర్లేదమ్మా" అన్నాడు. అక్క ఆయన్ను కూర్చోబెట్టి సత్తుపిండి ముద్ద పెట్టింది. హోటల్లో పనిచేసే మనిషికి హోటల్ గదిలో సత్తుపిండి పెట్టిన మనిషి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

స్నానాల గదిలో తెల్లటి టబ్ చూసి అక్క మొహం వెలిగింది. "అబ్బ, పూలకెంత సక్కటి తొట్టి!" అంది. నీళ్లు నింపి, తడి గోనెలో తెచ్చిన తంగేడు, గునుగు అందులో పరిచింది. మేమిద్దరం మాత్రం పక్కన నిలబడి మగ్గుతో స్నానాలు చేశాం. తెల్లారి వరండాలోకి వస్తే వేరే జిల్లాలవాళ్ల బతుకమ్మలు వరుసగా ఉన్నాయి. ఎర్రగా, ఊదాగా, నెమలి నీలంగా, ఒకదాన్ని మించి ఒకటి. మా గదిలోకి తొంగిచూసిన ఒకామె "మీదింక రంగులు ఎయ్యలేదా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. "జర మనం గూడ అద్దుదామక్కా" అని బతిమాలాను. "వద్దు. పట్నమొచ్చినమని మా అవ్వ పువ్వును మారుస్తనా?" అంది. నా సంచిలో అప్పటికే భూపాలపల్లిలో కొన్న రెండు రంగు పొట్లాలున్నాయి.

మధ్యాహ్నం అందరూ పాట సరిచూసుకోవడానికి కింది హాలుకు వెళ్లారు. తలనొప్పి అని నేను ఆగిపోయాను. టీ కెటిల్‌లో నీళ్లు కాచి, చేతులు కడుక్కునే బేసిన్‌లో పోసి, పొట్లం చింపాను. అది ఒక్కసారిగా చినిగింది. పొడి బేసిన్ మీద, గోడ మీద, టబ్‌లో తడిసిన పూల మీద, అంతటా పడింది. తడి తగిలిన చోటల్లా గులాబీ రంగు పాకింది. తెల్ల తువ్వాలతో తుడిచాను. తుడిచినకొద్దీ పెద్దదైంది. ఇంకో తువ్వాలు తీశాను. పూలన్నీ ముద్దముద్దగా, మచ్చలు మచ్చలుగా అయిపోయాయి. గబగబా చేతులు కడుక్కుని, కొంగు నిండా కప్పుకుని, మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాను. సరిగ్గా అదే సమయానికి, నా తలనొప్పికి గోలీ పట్టుకుని అక్క లిఫ్టులో పైకి వెళ్లింది.

నేను హాల్లో మిగతా పన్నెండు మందితో కూర్చున్న కాసేపటికి పైనుంచి కేకలు వినిపించాయి. అందరం వెళ్లాం. గదులు ఊడ్చే ఆమె తలుపు దగ్గర నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడింది. మేనేజరు, మమ్మల్ని తీసుకొచ్చిన ఆఫీసరు మేడమ్ లోపలున్నారు. వాళ్ల మధ్య కౌసల్యక్క, చేతిలో గోలీ. "ఇది ఎవరి పని? పూలు తెచ్చి టబ్‌లో ఎవరు వేశారు?" అని మేడమ్ అరిచింది. "పూలు నేనే ఏసిన మేడమ్" అంది అక్క. "మరి రంగు?" అక్క తిరిగి నా వైపు చూసింది. మేడమ్ కూడా నన్నే అడిగింది: "నువ్వూ ఈ గదే కదా?" నా చేతులు ఎర్రగానే ఉన్నాయి, కానీ ఆరోజు అక్కడున్న ప్రతి ఆడదాని చేయీ గోరింటాకుతో ఎర్రగానే ఉంది. "నేను కిందున్న మేడమ్" అన్నాను. పక్కనున్న రాజవ్వ "అవును, మాతోనే ఉన్నది" అంది, పాపం, కేకలు వినిపించేసరికి నేను ఆమె పక్కనే ఉన్నాను, తను చూసినంత వరకు అది నిజమే.

అక్క తల వంచుకుంది. "నన్నే అనుండ్రి మేడమ్. వాళ్లను ఏమనకుండ్రి" అంది. జిల్లా పరువు తీశావని మేడమ్ నానా మాటలూ అంది. నువ్వు ఉత్సవం గ్రౌండుకు రానక్కర్లేదు, ఇక్కడే ఉండు అంది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పటికైనా నోరు తెరుస్తానేమోనని నాకే అనిపించింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, నిజమే. కానీ భయం ఒక్కటే అయితే ఇన్నేళ్లు ఇంత సిగ్గుపడేదాన్ని కాదు. మేడమ్ మా వైపు తిరిగి "ఆమె పాటలు ఇంకెవరికైనా వచ్చా?" అని అడిగింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "నాకు వస్తయ్ మేడమ్" అన్నాను. ఎవరూ నన్ను ముందుకు నెట్టలేదు. నేనే ఒక అడుగు ముందుకేసి మరీ అన్నాను.

పాడాను. పక్క జిల్లావాళ్లు మిగిలిన పూలిస్తే ఎలాగో ఓ బతుకమ్మ పేర్చుకున్నాం. మైకులో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అక్క తల్లి పాట జనం చప్పట్లు కొడుతూ విన్నారు. మేడమ్ వచ్చి పేరడిగి రాసుకుంది. ఆ క్షణంలో, దాచడమెందుకు, నాకు బాగానే ఉంది. అక్క గుర్తే రాలేదు.

గదికి తిరిగొస్తే టబ్ తెల్లగా ఉంది. గదులు ఊడ్చే ఆమె మహబూబాబాద్ వైపు తండా మనిషి. నన్ను ఆపి, "మీ అక్క వద్దంటె ఇనలే. నాతోని కూసోని నిమ్మకాయ వెట్టి మొత్తం రుద్దింది. నాకు మాట రావద్దని" అంది. అక్క మంచం అంచున కూర్చుని ఉంది. వేళ్ల కొసలు నానిపోయి ముడతలు పడ్డాయి. "పాటంత వాడనిచ్చిండ్రా, నడుమల ఆపిండ్రా?" అని అడిగింది. "అంత వాడిన." "గొంతు పట్టలేదు గదా?" "పట్టలే." "మంచిగైంది" అని లేచి నాకు నీళ్లిచ్చింది. తిడితే బాగుండును అనుకున్నాను. బస్సులో ఊరు చేరేదాకా నా పక్కనే కూర్చుంది, ఒక్క మాట కూడా ఎత్తలేదు.

ఊళ్లో ఆమెకు రంగు టీచరని పేరు పడింది. కోపంతో కాదు, ఆటపట్టించడానికే. కానీ ఆ తర్వాత జిల్లా కార్యక్రమం ఏదొచ్చినా ఆమె పేరు రాయలేదు. మరుసటి ఏడు బతుకమ్మకు ఆడవాళ్లు నా వైపు చూసి "నువ్వే ఎత్తుకో, పట్నంల వాడినదానివి" అన్నారు. అక్క వలయంలో వెనకెక్కడో అందరితో పాటు కోరస్ కలిపింది. నేను టీచరునయ్యాను, పరీక్ష రాసి సూపర్‌వైజర్నయ్యాను. ప్రతి పరీక్షకూ ఆమే చదివించింది. ఎంత గుండె కావాలి దానికి!

మహబూబాబాద్‌కు పోస్టింగ్ వచ్చినప్పుడు చెప్పి తీరాలని వెళ్లాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. "అక్కా, హోటల్ల రంగు నేనే..." అనగానే చెయ్యెత్తి ఆపింది. "నాకెర్క లేదా? గోరింట నేనే పెడితి. అరచేతుల పెట్టిన. ఆనాడు నీకు మోచెయ్యి దాక ఎర్రగుండె."

"మరెందుకు జెప్పలేదక్కా?"

"నువ్వు జెప్తవని జూసిన. గది కాడ జూసిన, బస్సుల జూసిన, ఊరొచ్చినంక గూడ జూసిన."

ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. ఏరిన బియ్యం పక్కకు తోసి, "నాకు జెప్పి ఏం లాభమే? నాకెర్కనే ఉన్నది. ఎర్క లేనిది ఆ పన్నెండు మందికి. వాళ్లకు జెప్పు" అంది. చెప్తనక్కా అన్నాను. ఆమె ఆ మాట మళ్లీ ఎన్నడూ అడగలేదు.

పోయిన వానాకాలం ఆమె పోయింది. గుండెనొప్పి, దవాఖానకు చేరేలోపే. దినాలకు వెళ్లాను. అన్నాలయ్యాక ఆడవాళ్లు చాప మీద కూర్చుని ఆమెను తలుచుకున్నారు. ఆ పన్నెండు మందిలో తొమ్మిదిమంది అక్కడే ఉన్నారు. తలుచుకుంటూ తలుచుకుంటూ హోటల్ ముచ్చటకు వచ్చారు. "నువ్వు ఆమె రూములనే ఉంటివి గదా మేడమ్, నువ్వు జెప్పు, ఏం జేసిందో!" అంది రాజవ్వ, కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతూ. అందరూ నా వైపు తిరిగారు. ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు. నేను నోరు తెరిచాను. తొట్టి గురించి చెప్పాను, అక్క పూలు ఎలా పరిచిందో చెప్పాను. తర్వాత, ఆమె రంగు పొట్లం ఎలా చింపిందో, తువ్వాలతో ఎలా తుడిచిందో, తుడిచినకొద్దీ అది ఎలా పాకిందో చేతులు తిప్పుతూ చెప్పాను. కళ్లారా చూసినట్టు ఎలా చెప్పగలుగుతున్నానో ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరూ పడీపడీ నవ్వారు, ఆమె ఫొటో ముందు.

ఇది అచ్చవుతుంది. ముక్కూ మొహం తెలియని మీకు, ఆమె గొంతు ఒక్కసారైనా వినని మీకు, ఒక్క ముక్క దాచకుండా చెప్పేశాను. ఇంత తేలిగ్గా చెప్పగలిగానంటే కారణం ఒక్కటే. ఆ పన్నెండు మందిలో మీరు లేరు.