కోపం నాదే

బస్సులో ముందు సీట్లో కూచున్న యాత్రికురాలి గుండు మీద గంధం ఇంకా తడారలేదు. ఆ చల్లటి వాసన తగలగానే ఫోనులో కొడుతున్న మెసేజీ సగంలో ఆపేశాను. కస్తూరి మేడం గుర్తొచ్చారు. నాలుగేళ్ల కిందట నాకూ గుండే, అయితే కొండ మీద ఇచ్చింది కాదు. అలిపిరి రోడ్డులో నా స్కూటీని జీపు గుద్దితే, తలకు ఆపరేషన్ చెయ్యడానికి ఆసుపత్రిలో గీసేశారు. వేరే ఊళ్లో అయితే గుండుతో తిరిగే ఆడపిల్లను వింతగా చూస్తారు, తిరుపతిలో ఎవరికీ పట్టదు. అడిగినవాళ్లందరికీ మొక్కు అని చెప్పేసింది అమ్మ. పెళ్లి కావలసిన పిల్లకు తలలో దెబ్బ అని తెలిస్తే సంబంధాలు రావని ఆమె భయం.

బయట అలా మొక్కు అయిపోయింది. ఇంట్లో మాత్రం అన్నిటికీ దెబ్బే కారణం. మాటలు నాలుక దాకా వచ్చి జారిపోయేవి. చెంచా అడగాలంటే చేత్తో చూపించాల్సి వచ్చేది. సెల్‌ఫోన్ల షాపులో పనిచేసినప్పుడు ఒక్కసారి వింటే ఏ నంబరైనా గుర్తుండేది. దెబ్బ తర్వాత రెండో సగం వినేలోపే మొదటి సగం పోయేది. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ఎక్కువ, అది వీధి మొత్తానికీ తెలుసు. అయినా కూరలో ఉప్పు లేదని కసిరినా, పాపం దెబ్బ తగిలినప్పటి నుంచీ ఇంతే అనేవాళ్లు. గట్టిగా నవ్వినా అదే మాట. అందరూ నన్ను ఓర్చుకునేవాళ్లు. ఇందులో నేనెవరో నాకే అర్థం కాలేదు.

ఆసుపత్రిలో మాటలు నేర్పించే కస్తూరి మేడంది చిత్తూరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఒకరోజు ఆమె చూపించే బొమ్మల అట్టలన్నీ విసిరికొట్టాను. అమ్మ దండం పెట్టబోతే ఆమెను బయట కూచోమని పంపేసి, నా వైపు తిరిగారు.

"ఏం మే, దెబ్బకు ముందు నీకు కోపం లేదా?"

ఉండేదని తలూపాను.

"అయితే అది నీదే. దెబ్బది కాదు. కోపం నాకూ ఉండాది. ఏరు ఆ బొమ్మల్ని."

ఎన్నో వారాల తర్వాత ఒక మనిషి నాతో పోట్లాడింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అట్టలు ఏరుతూ ఆమెను తిట్టడం మొదలుపెట్టాను, నడుమలో మాట అందక ఆగిపోయాను. మేడం చేతులు కట్టుకుని ఎదురుచూశారు.

"సగం తిట్టు నేను తీసుకోను. పూర్తిగా తిట్టు."

దెబ్బ తగిలాక నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం ఆమెను తిట్టిందే.

జుట్టు వేలెడు పెరగకముందే షాపుకు వెళ్తానన్నాను. ఓనరు మునిశేఖరన్న ఒక పూట చూస్తానని, కుదరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని ముందే చెప్పాడు. ఆ పూట అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. మేడం కూడా వచ్చారు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒకాయన రీచార్జికి నంబరు చెప్పి, ఏం మొక్కు పాపా అని అడిగాడు. నంబరు జారిపోయింది. మునిశేఖరన్న షాపు ఫోను నా చేతిలోంచి లాక్కోబోతూ, పాపకు బాగలేదు, నేను చేస్తానని ఆయనతో గుసగుసగా అన్నాడు. నా ఒళ్లు మండింది. మేడం వైపు చూశాను. ఆమె గోడకు తగిలించిన ఫోను కవర్లు చూస్తూ ఉన్నారు. ఒక్క మాట అందించలేదు.

"అన్నా, నన్ను... నన్ను మాట్లాడనీ," అన్నాను. షాపంతా వినపడింది. "మొక్కు కాదు సార్. తలకు దెబ్బ తగిలింది. నంబరు కొంచెం కొంచెంగా చెప్పండి. తప్పుపోతే మళ్లా అడుగుతా."

అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నెమ్మదిగా, రెండేసి అంకెలు చెప్పాడు. ఆయన జేబులో ఫోను కుయ్యిమంది. మునిశేఖరన్న స్టూలు నా వైపు జరిపాడు.

"బాగానే అరిచినావే. నాకూ రీచార్జి చెయ్యి," అన్నారు మేడం.

తర్వాత మేడం వేలూరు వెళ్లిపోయారు. నేను ఇప్పటికీ ఆ కౌంటర్లోనే ఉన్నాను. ఒక్కసారి వింటే నంబరు గుర్తుండే పిల్ల తిరిగి రాలేదు, ఆ పిల్ల కోసం నేను ఎదురుచూడటం కూడా మానేశాను. మాట కోసం ఆగినప్పుడు ఎవరైనా అందించబోతే చెయ్యి అడ్డం పెడతాను. వాళ్లు ఆగుతారు. మాట వస్తుంది.