దొర స్పూను మీద నా పేరు

చచ్చిపోయిన మనిషిని, ఒక్క పైసా మోసం చేయకుండా, నలుగురి ముందర మళ్ళీ దొంగను చేసిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. బయటికి నేనూ నవ్వుతూనే చెప్తాను.

మా అమ్మ వాళ్ళ నాన్న మునుసామి తాత తిరుత్తణిలో మగ్గం నేసేవాడు. మగ్గం కూడు పెట్టక, ఒక తెల్లదొర బంగళాలో వంటకు కుదిరాడు. దొర స్వదేశం పోతూ తన వెండి స్పూన్ల పెట్టె తాతకు ఇచ్చి పోయాడు. ఇచ్చాడని మా ఇంట్లో మాట, కొట్టుకొచ్చాడని బంధువుల మాట. 'స్పూన్ల దొంగ కూతురు' అనిపించుకుంటూనే మా పెద్దమ్మ ముసలిదయిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట, పెద్దమ్మ మనవరాలి చెవులు కుట్టే పండగ ముందు, వాళ్ళ పక్కింటి టీచరమ్మ పెట్టెలోని పెద్ద స్పూను వెనక చెక్కిన ఇంగ్లీషు చదివి పెద్దమ్మకు చెప్పింది. 'మూడేళ్ళు నమ్మకంగా వండిపెట్టిన మునుసామికి' అని రాసి, కింద దొర పేరుందట. అప్పటికి ఇది నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేను ఇవ్వలేదు.

పెద్దమ్మ బస్సెక్కి మణవాళనగర్‌లో మా ఇంటికి వచ్చి పెట్టె నా చేతిలో పెట్టింది.

"కొంచెం మెరుగు పెట్టించుకోని రా నాయనా. పండగలో అందరికీ చూపించల్ల. ఆ పెద్ద స్పూను వెనకాల..."

అప్పటికి నేను ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి పాత వెండి సామాన్లలో మహాపండితుణ్ణయి ఉన్నాను.

"నాకు తెలుసులే పెద్దమ్మా! ఫోర్కుకు మొదట్లో రెండే పండ్లు. ఆనక మూడయినాయి, నాలుగయినాయి. పిడి చివర ఈ ఆల్చిప్ప ఉండాదే, అదొక డిజైను. అప్పట్లో బల్ల మీద స్పూన్లు బోర్లించి పెడతా ఉన్నారు. అందుకే ముద్రలన్నీ వెనకాలే చెక్కించేది!"

"అదే నాయనా నేను చెప్పేది..."

"నువ్వేమీ చెప్పొద్దు. నేను చూసుకుంటా."

చూసుకున్నాను. తిరువళ్ళూరు బజారులో పాలిష్ కొట్టతను స్పూను తిప్పి, "అన్నా, ఏందో రాసుండాదే?" అన్నాడు. వంకీల రాతలో చివర దొర పేరొక్కటే నాకు తెలిసింది. మిగతాది కూడబలుక్కుని చదివే ఓపిక పండితులకెక్కడిది? దొర పేరు కనబడితే దొంగ సొత్తేనని ఖాయం చేస్తారు కదా అనుకున్నాను. ఎంత ముందుచూపో చూడండి!

"మిషన్ పెట్టి మొత్తం తీసెయ్."

తీసేశాడు. అద్దంలా మెరిసింది.

"బోసిగా ఉండాది. పేరు వేస్తామా అన్నా?"

మా వైపు ఇచ్చినవాళ్ళ పేరు చెక్కని చెంబు కూడా ఇంట్లో ఉండదు. పాలిష్ ఖర్చు నాదే గనక, ఇచ్చినవాణ్ణి నేనేనని తీర్మానించాను.

పండగ రోజు పొద్దున నేను అప్పగించిన పెట్టెను, పెద్దమ్మ తెరిచి చూడకుండానే తిరుత్తణి సత్రంలో గోవిందు మామ ముందు పెట్టింది. దొంగ అనే పేరు పుట్టించింది ఆయనే.

"రేయ్ గోవిందూ, మా నాయనను ఏమేమో అంటివే. దొరే రాసిచ్చినాడు. గట్టిగా చదువు, అందరూ విననీ."

మామ కళ్ళద్దాలు పెట్టుకుని, స్పూను తిప్పి, తమిళంలో చెక్కింది గట్టిగా చదివాడు.

"మునిరత్నం అన్బళిప్పు."

అంటే మునిరత్నం ఇచ్చిన కానుక. మునిరత్నం అంటే నేను.

"ఇంగ్లీషు అచ్చరాలు యాడరా?" పెద్దమ్మ మామ చేతిలోని స్పూను మీదికి వంగి చూసింది.

"నేనే... తీసేయించినా పెద్దమ్మా."

మామ స్పూనును నెమ్మదిగా పెట్టెలో పెట్టాడు. "మీ తాత దొర దగ్గర కొట్టేసినాడు, నువ్వు మీ తాత దగ్గర కొట్టేసినావు. వంశం నిలబెట్టినావు రా అబ్బీ!"

సత్రమంతా నవ్వింది. టీచరమ్మ చదివిందని పెద్దమ్మ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు ఆమె. అంటే బాగుండేది. రెండేళ్ళకు స్పూన్ల దొంగ కూతురుగానే కన్నుమూసింది.

కనుక తిరుత్తణి మురుగన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పాలిష్ కొట్టున్న వీధిలో కాలు పెట్టను. పెద్దవాళ్ళు మాట మొదలుపెడితే, అది పూర్తయ్యేదాకా నోరు మెదపను. ఈ ప్రమాణం గట్టిపడాలని కొండెక్కి గుండు కూడా కొట్టించుకున్నాను. జుట్టు రెండు నెలల్లో వచ్చేసింది. అక్షరాలే రాలేదు.