పూలకుండీ అయిన ఫౌజు నావ

1964. మాన్వి పక్కన కాలువ ఆఫీసు వర్క్‌షాపులో నేను వడ్రంగి మిస్త్రీని. తూము తలుపుల నుంచి ఇంజనీరుగారింటి రొట్టెల పీట దాకా చెక్కజబ్బు ఏదైనా నా దగ్గరికే వచ్చేది. అన్నిటికన్నా పెద్ద రోగి తుంగభద్ర రేవులో ఉండేది. దాని పేరు ఫౌజు నావ.

నిజాం కాలంలో సిపాయిలను ఏరు దాటించడానికి కట్టిన టేకు నావ అది. పొడవు ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరు కనుక కొంచెం పెంచే చెబుతాను: తోక మా రేవులో ఉండగానే ముక్కు కర్నూలు జిల్లాకు తగిలేది. తెరచాప ఎత్తితే సగం ఊరికి నీడ. ఒక దండు దండంతా ఎక్కేదట, మీసాలకు మాత్రం ఇంకో ట్రిప్పు వేయాల్సి వచ్చేదట. ఫౌజు పోయాక అదే నావ కాలువ కూలీలను, సిమెంటు బస్తాలను, ఓట్ల పెట్టెలను మోసింది. ఎవరెక్కినా నడిపింది మాత్రం అంబిగ హనుమప్పే. పడవ నడిపేవాళ్ళను కన్నడంలో అంబిగ అంటారు.

హనుమప్ప మస్టర్ రోల్ మనిషి, అంటే రోజుకూలీ. పనికొస్తే కూలి, జ్వరమొస్తే జ్వరమే మిగులు. పర్మనెంట్ చేయిస్తానని ప్రతి ఓవర్సియరూ మాటిచ్చి, బదిలీ మీద వెళ్ళిపోయేవాడు. పర్మనెంట్ అయితే ఆఫీసు వెనక రేకుల క్వార్టర్సులో ఒక గది వస్తుంది. అందులో పొయ్యి ఏ మూల పెట్టాలో ఆయన భార్య నాగమ్మ ఎప్పుడో తేల్చేసింది.

ఏటా ఎండాకాలం ఇద్దరం కలిసి నావకు కాల్కింగ్ చేసేవాళ్ళం. గుగ్గిలం, నూనె పట్టించిన జనపనారను చెక్కల సందుల్లో కూరి సుత్తితో దిగగొట్టడమే కాల్కింగ్. హనుమప్ప బోర్లా పడుకుని, చెంప ఆనించి సందులు వెతికేవాడు.

"అన్నా, గీడ గాలొస్తున్నది."

"అది నీ ముక్కు గాలిరా."

"నా ముక్కైతే బీడీ వాసనొస్తది. గిది ఏటి వాసన. కొట్టు!"

ఆ ఏడు వంతెన తెరిచారు. నావకు పని పోయింది. బళ్ళారి నుంచి వచ్చిన కొత్త ఓవర్సియరు మాత్రం హనుమప్ప భుజం తట్టాడు.

"చరిత్ర ఉండే నావప్పా ఇది! ఆఫీసు బంగళా ముందర దిమ్మె కట్టించి పెడదాం. నావ ఉంటే నావవాడు ఉండాల్సిందే గదా? ఈసారి నీది పర్మనెంటే."

నావను లాగడానికి జిల్లాలోని ఎద్దులన్నీ వచ్చాయి. తుర్విహాళ ఎద్దులొక్కటే వరి మళ్ళలో తీరిక లేక రాలేకపోయాయి. నావ దిమ్మె ఎక్కింది. ఎండకు చెక్క విచ్చకుండా హనుమప్ప పొద్దున్నే దానికి బిందెలతో స్నానం చేయించేవాడు, కన్నకూతురికి పోసినట్టు.

అంతలో పైనుంచి ఒక పెద్దసారు వచ్చి చూసి, "ఖాళీగా ఉందేం, క్రోటన్ మొక్కలు వేయించండి" అన్నాడట. మర్నాడే బండెడు మట్టి దిగింది. ఓవర్సియరు నన్ను పిలిచాడు.

"మిస్త్రీ, అడుగున రంధ్రాలు పెట్టు. నీళ్ళు నిలిస్తే మొక్కలు కుళ్ళిపోతాయి."

పక్కనే ఉన్న హనుమప్ప బిందె కింద పెట్టాడు. "చిల్లులు పడ్డంక అది నావెట్లయితది సారూ? మరి నా ఆర్డరు?"

"అదేనప్పా చిక్కు. తేలని నావకు నావవాడి పోస్టు ఇచ్చేది లేదంటారు పైన. మొక్కలకైతే మాలి ఉండనే ఉండాడు."

"తేల్తది సారూ! ఏట్లకు దింపి చూడు, ఈ గడియల తేల్తది!"

"అది తేలేది ఎవరికి కావాలప్పా?" అని ఓవర్సియరు మట్టి బండి వైపు నడిచాడు.

నేను చిల్లులు పెట్టే బర్మా పట్టుకుని నావలోకి దిగాను. నారతో ఇన్నేళ్ళు పూడ్చిన చెక్కకు ఎక్కడ చిల్లు పెట్టాలో తోచలేదు. హనుమప్పే దిగాడు. మోకాళ్ళ మీద పాకి, ఒకచోట అరచెయ్యి ఆనించాడు.

"గీడ పెట్టన్నా. నీళ్ళన్ని గీడికే వస్తయి. ఇన్నేండ్ల సంది గీడికెల్లే తోడి పారబోసిన."

అక్కడే పెట్టాను. టేకు పొట్టు ఇంకా నూనె వాసన వేసింది.

క్వార్టర్సులో ఆ గదిని క్రోటన్ల ఎరువు బస్తాలకు ఇచ్చారు. హనుమప్ప, నాగమ్మ యరగేర వైపు కూలికి పోయారు. ఇన్నేళ్ళ చెక్కపనిలో ఈ ఒక్క సంగతి మాత్రం నేను ఎక్కడా పెంచి చెప్పను: సర్కారు ఒక వస్తువును గౌరవించడం మొదలుపెట్టిందంటే, దాన్ని నడిపిన మనిషి మూట సర్దుకోవాల్సిందే.