మామ మడిలో ఉమ్మి

మొన్న నంద్యాలలో మనవరాలి ఇంటికి పోయినప్పుడు, మిద్దె మీది కుండీలో మొలిచిన గడ్డికి తెల్లటి నురగ అంటుకొని కనబడితే, పక్క మేడ వాళ్లే ఉమ్మారని ఆ పిల్ల తగవుకు లేచింది. నవ్వి ఆపానే గాని, నాకు మాత్రం పాత సంగతి కళ్ల ముందు మెదిలింది. నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో ఉమ్మంటే ఎంత మాటో!

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో ఆళ్లగడ్డ దగ్గర మా పల్లెలోనే నన్ను మేనమామ కొడుక్కిచ్చి చేశారు. అమ్మకు సొంత అన్నే నాకు మామగారు. మా నాయన వరిమడి, మామ వరిమడి పక్కపక్కనే, మధ్యన ఒక పిల్లకాలువ. ఆ ఏడు నీళ్ల వంతు దగ్గర బావా బావమరుదులకు మాటా మాటా పెరిగి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. మామకు మడంటే దేవుడి గది. చెప్పులు గట్టు మీదే విడిచి దిగేవాడు, తుమ్మొస్తే గట్టెక్కి తుమ్మేవాడు, మీరు నమ్మినా నమ్మకపోయినా.

పైరు మోకాలెత్తు పెరిగాక ఒక పొద్దున ఆయన మడి నుంచి నిప్పులు కక్కుతూ వచ్చాడు. వరి దుబ్బుల మొదళ్లలో ఎక్కడ చూసినా ఉమ్మేనట.

"మీ నాయన చేసిన పని చూడు మ్మే! అన్నం పెట్టే తల్లి మింద ఉమ్మినాడు."

"కండ్లతో చూసినావా? ఏందీ మాటలు?" అని అత్త అడ్డం వచ్చినా వినలేదు. నా మొగుడు అప్పటికే మూలనున్న కట్టె అందుకున్నాడు. మామ నా వైపు తిరిగి, "ఇప్పుడే చెప్పు పాపా, యాడుంటావో. ఆడికి పోయినావంటే మళ్లా ఈడికి రావద్దు" అన్నాడు.

కట్టె లేచిందంటే తల పగిలేది నాయనదైనా మొగుడిదైనా, నాకు ఏదో ఒక ఇల్లు లేనట్టే. కానీ భయం వెనకాలే ఒళ్లు మండింది. నాయన మొండివాడే, కోపిష్టే, కాదనను, అన్నం మీద ఉమ్మే మనిషి మాత్రం కాడు. "ముందు నాకు చూపించు మామా" అని చెంగు బొడ్లో దోపుకొని, కోడలు మగవాళ్ల ముందు నడవకూడదన్న సంగతి కూడా మరచి, మడికి పరుగెత్తాను.

ఎంగిలి గదా, ఆ నురగను అంతవరకు ఎవరూ ముట్టలేదు. నేను వేలు పెట్టాను. "ఛీ, ముట్టొద్దు!" అని మామ అరిచేలోగా వేలి కింద ఏదో కదిలింది. వడ్లగింజంత పురుగు, లేత పసుపు రంగు, పట్టుకుంటే చితికేంత మెత్తన. దాన్ని తుడిచి మళ్లీ వరికాడ మీదే వదిలి, నా వెనకే వచ్చిన మామా, నా మొగుడూ, నేనూ చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి అది కాడను కరుచుకొని, వెనక నుంచి బుడగ మీద బుడగ వదులుతూ ఆ నురగలోనే దాక్కుంది. మామ వంగి ఇంకో దుబ్బు విప్పాడు, ఇంకోటి విప్పాడు. అన్నింట్లోనూ అదే పురుగు. నా మొగుడు కట్టెను గట్టు మీద పడేశాడు.

నేను ఒక పురుగును అరచేతిలో పెట్టుకొని పిల్లకాలువ దాటాను. నాయన తన గట్టు మీదే కూర్చొని ఇదంతా చూస్తున్నాడు. చేయి చాపి చూపిస్తే, తన మడిలోని దుబ్బును పక్కకు వంచాడు. అక్కడా అదే నురగ!

"మీ మామే ఉమ్మినాడనుకున్నా" అన్నాడు.

"మరి అడగలేదేం నాయనా?"

"నువ్వు ఆ ఇంట్లో ఉండావు కదమ్మా."

అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆ మాట అవతల గట్టు మీదున్న మామకు వినబడింది. ఆయన తల దించుకున్నాడు.

ఇప్పుడు ఆకు మీద మచ్చ కనబడితే చాలు, సెల్లులో ఫోటో తీసి పంపుతారు, మందు పేరు వచ్చేస్తుంది. మంచిదే, ఎవరి తలా పగలదు. ఆ రెండు మళ్లూ ఈనాడు ఎవరెవరి చేతుల్లోనో ఉన్నాయి. ఆ పురుగు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తన అన్నం మీద ఉమ్మారనుకొని కూడా, ఆ కోపాన్నంతా గొంతులోనే దిగమింగుకొని, వీధిలో నేను ఎదురుపడ్డప్పుడల్లా "తిన్నావామ్మా" అని అడిగిన నాయన లాంటి మనిషి మాత్రం మళ్లీ నాకు దొరకలేదు.