చిల్లరమ్మ బేరమాడని రోజు

మా పిన్ని ఎంగిలి చేత్తో కాకిని తోలదని మా వీధిలో అందరికీ తెలుసు. ఇస్త్రీ కొట్టు ఆవిడది. నేను ఆవిడ అక్క కూతుర్ని, పదిహేనేళ్లుగా ఆ కొట్టులోనే మడతలు పెడుతున్నాను. ఒక్క నాణెం తక్కువిస్తే చాలు, బట్టల మూట మళ్లీ బల్ల కిందకి వెళ్లిపోయేది. "చిల్లర తెచ్చి తీసుకెళ్లు నాయనా" అనేది. అలా చిల్లరమ్మ అన్న పేరు వచ్చింది. అసలు పేరు పోస్టుమాన్‌కి కూడా గుర్తులేదు.

పుట్టు పిసినారి కాదులెండి. తప్పంతా మా బాబాయిది. ఆయన చేతికి ఎముక లేదని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు కోసం టీకొట్టులో కూర్చున్న ప్రతివాడికీ టీ చెప్పేవాడు. ఇంట్లో మాత్రం పొయ్యిలోంచి పిల్లి లేచేది కాదు. ఆయన పోయిన ఏడాదే, అద్దెకి ఒక్క నోటు తక్కువైందని ఇంటివాడు పిన్ని సామాను వీధిలో పెట్టించాడు. టీలు తాగిన మహానుభావుల్లో ఒక్కడంటే ఒక్కడు ఆ దరిదాపుల్లోకి రాలేదు. అప్పటినుంచి ఆవిడకి నోటు చెయ్యి దాటుతోందంటే భయం. లేనప్పుడు భయపడిందంటే అర్థముంది. ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ భయపడేది.

తనకోసం ఆవిడ కూడబెట్టుకున్నది ఒక్కటే, పళ్ల డబ్బు. ముందుపళ్లు నాలుగు ఊడి ఆరేళ్లయింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. తర్వాత్తర్వాత నవ్వడమే మానేసింది. కట్టుడు పళ్ల కోసం ఓ బిస్కెట్ల డబ్బాలో ఆరేళ్లు దాచి, చివరికి పళ్ల డాక్టరుకి కొలతలిచ్చి వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి డబ్బు కట్టి పళ్లు పెట్టించుకోవాలి. నేను చెప్పేది ఆ శుక్రవారం సంగతే.

ముందురోజు ఓ అమ్మాయి నల్లకోటు ఇచ్చి వెళ్లింది. "రేపు పదకొండింటికి ఇంటర్వ్యూ అండీ. పదింటికి వచ్చి ఇక్కడే వేసుకుని వెళ్తాను. నాకున్నది ఇదొక్కటే, కాస్త జాగ్రత్త" అని రెండుసార్లు చెప్పింది. "జాగ్రత్త మాకు నేర్పకమ్మా" అంది పిన్ని.

తొమ్మిదింపావుకి కోటు బల్లమీదకి ఎక్కింది. మా ఇస్త్రీపెట్టెలో వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ పాడై ఏడాదిన్నర. మార్పించమని నెత్తీ నోరూ బాదుకున్నాను. "నా చెవులు పనిచేస్తున్నాయిగా, డబ్బు దండగ" అనేది. తడివేలితో పెట్టె అడుగున ఓ చుక్క చిలకరించి, చుయ్యిమన్న చప్పుణ్ణి బట్టి ఆ వేడి నూలుకో ఉన్నికో చెప్పేది. ఆ మాటకొస్తే ఒక్కసారీ తప్పలేదు. కానీ ఆ పొద్దున మా కొట్టుముందు రోడ్డు తవ్వుతున్నారు. ఆ యంత్రం రొదలో నా మాట నాకే వినబడలేదు. పిన్ని చుక్క చిలకరించి తల వంచి విన్నది. ఏం విన్నదో ఏమో, పెట్టె తీసి కోటు రొమ్ముమీద పెట్టింది.

ముందు వాసన నాకే తగిలింది.

"పిన్నీ, తియ్! తియ్యవే!"

తీసింది. కాలర్ కింద అరచేతి మేర గుడ్డ కరిగి ముద్దకట్టింది. గోడ గడియారం చూస్తే తొమ్మిదీ ఇరవై ఐదు.

"కొంప మునిగింది పో" అన్నాను. నేనే మళ్లీ అందుకున్నాను. "ఏం కాదులే. 'కాలినా చిరిగినా మా పూచీ లేదు' అని బోర్డు రాయించావుగా. ఆ అమ్మాయి వస్తే వేలెత్తి చూపిద్దాం."

"ఆ పిల్లకున్నది ఒక్కటే కోటే."

"నీకున్నదీ ఒక్కటే నోరు!"

పిన్ని కాలినచోట వేలితో రాసి చూసింది. "ఆ థర్మోస్టాటేదో మార్పించి ఉంటే ఇది కాలేది కాదా?"

అబద్ధం చెప్పి ఉండాల్సింది. కానీ ఏడాదిన్నర మంట ఉందిగా నాకు. "ఎందుకు కాలుతుంది? చచ్చినా కాలేది కాదు!" అని అరిచాను.

ఆవిడ వంగి బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. కాలిన కోటు భుజాన వేసుకుని రోడ్డెక్కింది. తాళం కూడా వెయ్యకుండా వెనకాల పరుగెత్తాను.

నాలుగు కొట్ల అవతల రెడీమేడ్ బట్టల షాపు. ఆ షాపాయన్ని ఒకసారి ఒక్క దుప్పటి కోసం గంటన్నర బేరమాడి ఏడిపించిన ఘనత మా పిన్నిది. చూడగానే ఆయన కుర్చీ లాగాడు. "రండి చిల్లరమ్మగారూ, మంచినీళ్లు తెప్పించమంటారా? మన బేరం మధ్యాహ్నం దాకా నడుస్తుందిగా."

"ఈ కొలతకి నల్లకోటు కావాలి. తొందరగా."

రెండు తీశాడు. ఒకటి చవకది, గుడ్డ పల్చన. "ఇది చాలు పిన్నీ, నల్లగానే ఉంది" అని గిల్లాను. ఆవిడ కాలిన కోటు లైనింగ్ తిరగేసి, రెంటినీ వేళ్లమధ్య నలిపి చూసి, చవకది పక్కకి నెట్టింది. "మనం కాల్చింది ఇలాంటిది కాదే."

షాపాయన ధర చెప్పాడు. సగానికి దిగడానికి సిద్ధపడి చెప్పిన ధర అది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ. పిన్ని నోరు తెరిచింది. తగ్గించమని అడుగుతుందనే అనుకున్నాను. అడగాలని ఆవిడ పెదాలు కొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. మళ్లీ నోరు మూసుకుని డబ్బా మూత తీసి బల్లమీద పెట్టింది.

"అదేంటమ్మా, అడగరేం?" అన్నాడు ఆయన బిత్తరపోయి.

"టైం లేదు నాయనా, తీసుకో."

"అవి ఆవిడ పళ్ల డబ్బులయ్యా! సాయంత్రం పళ్లు పెట్టించుకోవాలి!" అని నేను షాపంతా మోగేలా అరిచాను. అయినా తీసుకున్నాడు, ధర్మాత్ముడు, వేలు తడుపుకుని మరీ. డబ్బా అడుగున గుప్పెడు నాణేలు మిగిలాయి.

మేం కొట్టు చేరేసరికి ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. కొత్తది ఇచ్చేసి ఊరుకుంటే ఆ కంగారులో పోల్చుకునేది కాదు. పిన్ని రెండు కోట్లూ బల్లమీద పరిచింది. "నీ కోటు కాల్చేశానమ్మాయ్. తప్పు నాదే. ఇది వేసుకో." ఆ పిల్ల కాలినచోటు చూసి బావురుమంది. "తర్వాత ఏడుద్దువుగాని, చేతులు చాపు" అని పిన్నే తొడిగి, గుండీలు పెట్టి, బస్సు దాకా తరిమింది.

సాయంత్రం నాలుగింటికి పిన్ని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. గుప్పెడు నాణేలూ తీసుకెళ్లి ఇస్త్రీపెట్టెకి థర్మోస్టాట్ వేయించింది. నేను రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

మంగళవారం ఆ అమ్మాయి వచ్చింది. కోటు చక్కగా మడిచి సంచిలో పెట్టుకొచ్చింది.

"ఉద్యోగం రాలేదండీ. కోటుకున్న చీటీ చూసి ఆ షాపుకి వెళ్తే, మీ పళ్ల సంగతి షాపాయన చెప్పారు. వారంలోపు తెస్తే డబ్బు తిరిగిచ్చేస్తారట. ఇది తీసుకోండి."

నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. పిన్ని ఠపీమని దానిమీద ఒక్కటిచ్చింది.

"నీదే అది. పట్టుకెళ్లు."

నా ఒళ్లు మండిపోయింది. "ఉద్యోగమే రానప్పుడు ఆ కోటెందుకు పిన్నీ? కాల్చినదానికి కట్టేశావు, అయిపోయింది. ఇప్పుడిది ఎవరికోసం? బాబాయి బుద్ధులొచ్చాయా నీకు?"

ఆ మాట అనకూడదు, అనేశాను. పిన్ని పెట్టె పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"మీ బాబాయి మెప్పు కోసం ఇచ్చాడు. నేను భయపడి దాచాను. ఇద్దరం డబ్బు ఆడించినట్టల్లా ఆడాం. శుక్రవారం ఇచ్చింది బాకీ, అందులో నా గొప్పేం లేదు. ఇవాళ మాత్రం ఎవరూ అడగలేదే. నాకే ఇవ్వాలనుంది. ఈ పిల్ల ఇంకో నాలుగు చోట్లకి వెళ్లాలిగా."

"మరి మీ పళ్లండీ?" అంది ఆ అమ్మాయి.

"ఆరేళ్లు నమిలాను, ఇంకో ఆరేళ్లు నమల్లేనా? మళ్లీ దాచుకుంటాను. ఇదిగో చూడు, వచ్చే ఇంటర్వ్యూకి కోటు ఇక్కడికే తేవాలి. ఇస్త్రీ డబ్బులు మాత్రం ఇవ్వాల్సిందే. అది నా కష్టం, పైసా వదలను. చిల్లరతో సహా తెచ్చుకో."

కళ్లనీళ్లతోనే ఆ పిల్లకి నవ్వొచ్చింది. చిల్లరమ్మకీ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మా పిన్ని నవ్వడం చూశాను. నోట్లో నాలుగు పళ్లు లేవు, చెయ్యి మాత్రం అడ్డం పెట్టుకోలేదు.