మాస్టారు దగ్గేదాకా

బి.ఏ.లో నేను రాజనీతి తత్వశాస్త్రం తీసుకున్నానని తెలిసి మా ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో రకంగా భయపడ్డారు. మాది కొల్లేటి అంచున ఊరు. వానాకాలం చుట్టూ నీళ్ళు, వేసవిలో చుట్టూ బురద. నాన్నగారు అక్కడి మిషను బడిలో హెడ్మాస్టరు. తత్వం అంటే తంబురా పట్టుకుని పాడుకునేదని పక్కింటావిడ నమ్మకం. ఇంత చదివి పిల్ల చివరికి కాషాయం కట్టదు కదా అని నాన్నగారిని నిలేసింది. పాస్టరుగారు ఇంకో అడుగు ముందుకు వేసి, "దేవుడు లేడని చెప్పే చదువు కాదు కదండీ మాస్టారూ?" అన్నారు. అదేం చదువో నాన్నగారికీ తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు హెడ్మాస్టర్లకు ఉండదు. "గవర్నమెంటుకు సంబంధించిందండి," అని చెప్పి అందరి నోళ్ళూ మూయించారు.

నాకు మాత్రం ఒక షరతు పెట్టారు. "ఒక్క ఏడాది పోయినా సరే, ఇంక టీచరు ట్రైనింగేనమ్మా. ఆ పైన నన్నేం అడగొద్దు." ట్రైనింగు మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో అమ్మ టీచరు, పెద్దమ్మ టీచరు, పిన్ని టీచరు. అన్నం తింటున్నా ఎవరో ఒకరు ఏదో ఒకటి ఒప్పజెప్పమనేవారు. డిగ్రీ చేతికొస్తే యూనివర్సిటీలో పెద్ద చదువుకు వెళ్ళవచ్చని నా ఆశ. అందుకని ఏలూరులో అత్తయ్య ఇంట్లో ఉండి కాలేజీలో చేరాను.

ఆ రోజుల్లో ఆడపిల్లలు క్లాసుకు ఎలా వెళ్ళేవారో చెబితే ఇప్పటివాళ్ళు నేను కల్పిస్తున్నాననుకుంటారు. గంట కొట్టగానే మగపిల్లలు తోసుకుంటూ వెళ్ళి బెంచీల మీద కూర్చునేవారు. మేము లేడీస్ రూములో ఉండాలి. లెక్చరరుగారు వచ్చి ఆ గది ముందు ఆగితే, అప్పుడు లేచి ఆయన వెనక వరసగా నడిచి క్లాసులోకి వెళ్ళాలి. తలుపు పక్కన మాకు వేరే బెంచీ. పాఠం అయ్యాక మళ్ళీ ఆయన వెనకే బయటికి. తల్లి బాతు వెనక పిల్లల్లా ఉండేది మా ఊరేగింపు. బాతుపిల్లలే నయం, వాటికి బుద్ధి పుడితే ఎటైనా పోతాయి.

నా సబ్జెక్టులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మా లెక్చరరుగారు నన్ను నోటితో పిలిచేవారు కారు. ఆడపిల్లను పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. అందుకని గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారి దగ్గేవారు. ఆయనకు పొడుం అలవాటు కూడా ఉండడంతో అది పిలుపో పొడుమో మొదట్లో పోల్చుకోలేక, ఊరికే లేచి కూర్చుంటూ ఉండేదాన్ని. దగ్గు వినగానే తలవంచుకుని, ఆయన చెప్పుల మడమలు చూసుకుంటూ క్లాసుదాకా వెళ్ళేదాన్ని. అలా తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఆయన చెప్పిన మొదటి పాఠం వ్యక్తి స్వాతంత్ర్యం గురించి.

ఆయన పాఠం బాగా చెప్పేవారు. కాదంటే కళ్ళు పోతాయి. రాజు ఎందుకు రాజయ్యాడు, జనం ఎందుకు లొంగి ఉంటారు, ఒప్పుకున్నాం అని ఎవరూ నోరు విప్పకపోయినా ఒప్పుకున్నట్టే ఎలా లెక్కవుతుంది, ఇవన్నీ గంటసేపు ఇంగ్లీషులో చెప్పి చెమట తుడుచుకునేవారు. నేను తలుపు పక్క బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని అన్నీ రాసుకునేదాన్ని.

రెండో ఏడు కాలేజీ పాతభవనానికి మరమ్మతులు మొదలుపెట్టి, మా క్లాసును వెనకవైపు రేకుల షెడ్డులోకి మార్చారు. దానితో మాస్టారు తన గది నుంచి వెళ్ళే దారిలో లేడీస్ రూము లేకుండా పోయింది. చుట్టు తిరిగి రావాలి. మనుషులంతా సమానమే అన్నది ఎన్ని రకాలుగా నిరూపించవచ్చో ఆలోచించుకుంటూ ఆయన తిన్నగా షెడ్డుకు వెళ్ళిపోయేవారు. నేను లేడీస్ రూములో దగ్గు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఎప్పుడైనా పాఠం మధ్యలో గుర్తొస్తే అటెండరును పంపేవారు. అతను బీడీ పూర్తి చేసుకుని వచ్చేసరికి హాజరు అయిపోయేది. నా పేరు పక్కన ఆబ్సెంటు పడేది.

ఒకరోజు ధైర్యం చేసి ఆయన గదికి వెళ్ళాను.

"నాకు హాజరు పోతోందండి మాస్టారూ," అన్నాను.

"మీరు క్లాసుకు రావడం లేదు కదమ్మా," అన్నారు.

"మీరు వచ్చి పిలవకుండా నేను రాకూడదు కదండీ."

ఆయన పొడుం పీల్చి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "నిజమేనమ్మా. ఆలోచించవలసిన విషయం," అన్నారు. ఆ ఆలోచన దసరా సెలవులు దాటినా తెమల్లేదు.

ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళాను. నేనే సొంతంగా క్లాసుకు వెళ్ళి కూర్చుంటే కాలేజీ రూలు ఒప్పుకుంటుందా అని అడిగాను. ఆయన పద్ధతి గల మనిషి. గుమాస్తాను పిలిచి రూల్సు అన్నీ వెతికించారు. చివరికి కళ్ళద్దాలు తీసి, "అలాంటి రూలు ఎక్కడా లేదమ్మా. కానీ పాటించాలి," అన్నారు. ఎవరు పెట్టారండీ అని అడిగితే, నేను బూతుమాట అన్నట్టు గుమాస్తా కిటికీలోంచి బయటకు చూశాడు. ఆ కోపంతో నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు గంట కొట్టగానే ఒక్కదాన్నే నడిచి వెళ్ళి షెడ్డులో నా బెంచీ మీద కూర్చున్నాను.

మగపిల్లలు ఒక్కొక్కరే గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, లోపల పాము ఉన్నట్టు వెనక్కి తగ్గారు. లెక్చరరు లేని గదిలో ఆడపిల్ల ఉంటే తాము వెళ్ళవచ్చో లేదో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. డిబేటింగ్ సొసైటీలో బల్ల గుద్ది మాట్లాడేవాడు బయటే నిలబడి ఆకాశం చూడసాగాడు. రాత్రిళ్ళు గోడల మీద విప్లవం రావాలని రాసే ఇద్దరున్నారు. వాళ్ళయితే అందరికన్నా దూరంగా, సైకిళ్ళ స్టాండు దగ్గర నిలబడ్డారు. ఇన్నాళ్ళూ వీళ్ళకేనా నేను భయపడింది అని నవ్వొచ్చింది.

మాస్టారు వచ్చారు. లోపల నేను, బయట క్లాసంతా. విషయం అర్థం చేసుకుని కిటికీ దగ్గరకు వచ్చారు.

"ఏవండీ, మీరు ఒక్కసారి బయటకు వచ్చి, నా వెనకాల లోపలికి వచ్చెయ్యండి. సరిపోతుంది," అన్నారు.

"నేను వచ్చేశానండి మాస్టారూ. మళ్ళీ రావడం ఎందుకండీ?"

ఆయన రిజిస్టరు తెరిచి ఆరుబయటే హాజరు వేయడం మొదలుపెట్టారు. నా వంతు రాగానే లోపలి నుంచి "ప్రెజెంట్ సార్" అన్నాను. కలం ఆగింది. ఆయన నిజంగా చిక్కులో పడ్డారు. క్లాసు అంటే గదా, విద్యార్థులా? కాసేపు తర్కించుకుని, క్లాసంటే విద్యార్థులేననీ, ఎక్కువమంది ఎక్కడుంటే క్లాసు అక్కడ ఉన్నట్టనీ తేల్చారు. "క్లాసు బయట ఉందమ్మా. మీరు లోపల ఉన్నారు. అంచేత మీరు ఆబ్సెంటు," అన్నారు. కోపంగా కాదు, లెక్క కుదిరిన సంతోషంతో అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్ళు గెలిచినట్టని పంటి బిగువున కూర్చున్నాను.

అది వాయుగుండాల కాలం. పొద్దుటి నుంచీ పట్టి ఉన్న మబ్బు అప్పుడు కురిసింది. ముందుగా మాస్టారు రిజిస్టరు కోటులో దాచుకుని లోపలికి పరుగెత్తారు. ఆయన వెనక, దారి చూపించేవాళ్ళు దొరికారు కదా అని, మగపిల్లలంతా వరసగా తలలు వంచుకుని నీళ్ళు కార్చుకుంటూ వచ్చారు. నేను కూర్చున్న చోటనే కూర్చుని వాళ్ళ ఊరేగింపు చూశాను. రేకుల మీద వాన చప్పుడుకు ఏమీ వినబడకపోయినా మాస్టారు మళ్ళీ మొదటి నుంచీ హాజరు వేశారు. ఈసారి నేను ప్రెజెంటు.

ఆ తర్వాత రోజూ నేనే వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ సరే అనలేదు, కాదనీ అనలేదు. కానీ అంతకుముందు పోయిన హాజరు పోయినట్టే ఉంది. పరీక్షల ముందు ప్రిన్సిపాలుగారు కబురు పెట్టారు. హాజరు చాలదు, పరీక్షకు పంపడం కుదరదు, తండ్రిగారిని తీసుకురమ్మన్నారు.

నాన్నగారు మూత ఉన్న డబ్బాలో నీళ్ళు పోసి, బతికున్న కొరమీనులు వేసుకుని బస్సు దిగారు. మా వైపు పెద్దవాళ్ళ దగ్గరకు వట్టి చేతులతో వెళ్ళరు. ప్రిన్సిపాలుగారు గుడ్డు కూడా ముట్టరని చెప్పినా డబ్బా దించకుండా ఆయన గదిలోకే తెచ్చారు. మా మాస్టారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు.

"అమ్మాయికి జ్వరం వచ్చిందని డాక్టరు దగ్గర కాగితం రాయించుకు రండి," అన్నారు ప్రిన్సిపాలుగారు. "ఏటా కుర్రాళ్ళంతా తెచ్చేదేనండి."

నాన్నగారి ముఖం తేటపడింది. "చిత్తమండి," అన్నారు.

"నాకు జ్వరం రాలేదండి," అన్నాను. "రోజూ కాలేజీకి వచ్చాను. మాస్టారు పిలవడం మరిచిపోయారు. ఆ మాటే రాయమనండి."

నాన్నగారు నా చెయ్యి పట్టుకుని నొక్కారు. టీచరు ట్రైనింగు నా కళ్ళముందు కదిలింది. డబ్బాలో కొరమీను ఎగిరి మూతకు కొట్టుకుంది.

"ఆలోచించవలసిన విషయం," అన్నారు మాస్టారు.

"ఆలోచించండి మాస్టారూ. నాకు ఎదురుచూడడం అలవాటేనండి. ఇక్కడే నిలబడతాను."

ఆయన పొడుం డబ్బా తీశారు, మళ్ళీ పెట్టేశారు. కొరమీను మళ్ళీ కొట్టుకుంది. చివరికి కాగితం లాక్కుని ఇంగ్లీషులో రెండు ముక్కలు గీశారు. విద్యార్థిని కాలేజీలోనే ఉన్నదనీ, గైరుహాజరైంది తానేననీ దాని అర్థం. ప్రిన్సిపాలుగారు అది చదివి, జ్వరమైతే ఎంత శుభ్రంగా ఉండేది అన్నట్టు నిట్టూర్చి, కింద సంతకం చేశారు. నాన్నగారు డబ్బా బల్లకింద పెట్టబోతే ఆయన వద్దు వద్దని లేచి నిలబడ్డారు. ఆ రాత్రి కొరమీనులు మేమే తిన్నాం.

పని అయిపోయింది. మాస్టారు లేచి గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగారు. వెనక్కి తిరగకుండా, ఎప్పటిలాగే, ఒక్కసారి దగ్గారు.

నాన్నగారు తడబడి ఆయన వెనక నిలబడబోయారు. నేను నాన్నగారి చెయ్యి పట్టుకుని, "కాస్త తప్పుకోండి మాస్టారూ," అని ఆయనకంటే ముందు బయటకు నడిచాను.