పెట్టె మీది స్టిక్కర్

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో యూనిక్స్ చెప్పే వెంకటరత్నం ఏ క్లాసైనా ఒకేలా మొదలుపెడతాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కంప్యూటర్ పెట్టె మీది స్టిక్కర్‌ను గోటితో టకటకా కొట్టి, "దీన్ని నమ్మకండి. లోపలున్న ప్రాసెసర్ ఏ మోడలో, దాన్ని ఎన్నోసారి సవరించి చేశారో మిషన్‌నే అడగండి. అది అబద్ధం చెప్పదు" అంటాడు. అప్పుడు ప్రాసెసర్ వివరాలన్నీ ఉండే సీపీయూ ఇన్ఫో ఫైలు తెరుస్తాడు. తెర మీద పేర్లూ అంకెలూ బిలబిలా దిగుతాయి. తెనాలి వదిలి ఇన్నేళ్లయినా అతని మాటలో అక్కడి యాస అలాగే ఉంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒక బంద్ నాడు, తన విద్యార్థి లింగస్వామితో కలిసి ఆటోలో ఎల్బీనగర్ వెళుతుంటే, జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపారు.

"ఏడికి పోవాలె సార్?" అన్నాడొకడు.

"మాది నల్లగొండనే తమ్మీ!" అనేశాడు వెంకటరత్నం.

అతని ఊరేదని ఎవరూ అడగలేదు. ఆ కుర్రాడు ఒక్క క్షణం చూసి, "అది కాదు సార్, ముంగట రోడ్డు బంద్ వెట్టిన్రు. మన్సూరాబాద్ దిక్కు నుంచి పోండ్రి" అని దారి చూపించాడు. నిజంగా నల్లగొండవాడైన లింగస్వామి ఇక దిగేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు క్లాసులో వెంకటరత్నం స్టిక్కర్ మీద గోరు పెట్టి ఆగిపోయాడు. ఆ మాట కోసం పిల్లలంతా ఎదురుచూస్తున్నారు. ముందు బెంచీలో లింగస్వామి ఒక్కడే, తప్పు తనే చేసినట్టు తల దించుకున్నాడు.